మావయ్య పక్కటెముకలు విరిగింది నా చేతుల కిందే. నేనే చంపానా?

ప్రశ్న

గుంటూరు నుంచి ఒకావిడ చేత్తో రాసిన ఏడు పేజీల ఉత్తరం పంపారు. పేరు వద్దన్నారు. అందులోని సంగతి ఇదీ.

ఆవిడకు 34 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు. బ్రాడీపేటలో మూడో అంతస్తు ఫ్లాట్. ఇంట్లో భర్త, ఇద్దరు పిల్లలు, అత్తమామలు. మావయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు, వయసు 71. సంక్రాంతి వెళ్లిన రెండో ఆదివారం మధ్యాహ్నం భోంచేసి హాల్లో వాలుకుర్చీలో కూర్చున్నారు. భర్త పనిమీద హైదరాబాద్ వెళ్లి ఉన్నారు. ఈవిడ వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే హాల్లోంచి గురక వినిపించింది. 'కూర్చుని ఇంత గురక ఎప్పుడూ పెట్టరే' అనుకుంటూ తొంగి చూస్తే ఆయన కళ్లు సగం తెరుచుకునే ఉన్నాయి. ఒక గురకకీ ఇంకో గురకకీ మధ్య చాలా ఎడం. భుజాలు పట్టి కుదిపినా, చెవి దగ్గర అరిచినా పలకలేదు.

రెండేళ్ల కిందట స్కూల్లో టీచర్లందరికీ ఒక పూట ప్రథమ చికిత్స క్లాసు పెట్టారట. బొమ్మ ఛాతీ మీద నొక్కడం ఈవిడా చేశారు. అది గుర్తొచ్చి మావయ్యగారిని కిందికి దించి నొక్కడం మొదలుపెట్టారు. పక్క ఫ్లాట్ ఆయన 108కి ఫోన్ చేశారు. ఎవరో ఉల్లిపాయ కోసి తెచ్చారు. ఎవరో నోట్లో నీళ్లు పోయబోతే ఈవిడ మోచేత్తో తోసేశారు. ఇంతలో చేతి కింద టక్‌మని చప్పుడైంది. అత్తయ్యగారు 'గుండెలు పగలగొడుతున్నావే, ఆపవే' అని ఏడుస్తూ చెయ్యి పట్టి లాగారు. ఓ పది పదిహేను సెకన్లు ఆగిపోయి, మళ్లీ నొక్కారు. ఫోన్ చేసిన 14 నిమిషాలకు అంబులెన్స్ వచ్చింది. వాళ్లు మిషన్ పెట్టి షాక్ ఇచ్చారు. రెండో షాక్‌కి నాడి వచ్చింది. ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఆరు రోజులున్నారు. ఒకసారి కళ్లు తెరిచారు గానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. ఆరో రోజు తెల్లవారుజామున పోయారు.

పెద్దకర్మ రోజు, భోజనాలయ్యాక, పెద్దాడపడుచు బంధువులందరి ముందూ అన్న మాట: 'నాన్న గుండెపోటుతో పోలేదు. నాలుగు పక్కటెముకలు విరగ్గొట్టారు, దాంతో పోయారు.' ఎముకలు విరిగాయని ఐసీయూ డాక్టరు స్కాన్ చూపిస్తూ చెప్పింది ఆవిడకే. ఆవిడ భర్త ఇంకాస్త ముందుకెళ్లి 'కేసు పెడితే తెలుస్తుంది' అన్నారు. ఈవిడ భర్త నేలచూపులు చూస్తూ కూర్చున్నారు.

అత్తయ్యగారు అప్పటినుంచీ విజయవాడ పటమటలో కూతురి దగ్గరే ఉన్నారు. 66 ఏళ్లు. షుగరు, బీపీ, మూడేళ్ల కిందట వేసిన ఒక స్టెంటు. వచ్చే నెల గుంటూరు తిరిగొస్తున్నారు. కూతురు ఒక షరతు పెట్టింది. 'అమ్మకేమైనా అయితే మరదలు చెయ్యి వేయకూడదు. 108కి ఫోన్ చేసి పక్కన నిలబడాలి. అందరి ముందూ ఆ మాట ఇవ్వాలి.' భర్తేమో 'సరే అనెయ్, పోయేదేముంది' అంటున్నారు.

ఉత్తరం చివర మూడు ప్రశ్నలు. నేను చంపానా? ఆ పదిహేను సెకన్లు ఆపకపోతే బతికేవారా? ఆ మాట ఇవ్వనా? వాటి కింద ఇంకో వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా కనిపిస్తూనే ఉంది: 'మునక్కాడ విరిచినా అదే చప్పుడు వినిపిస్తోంది.'

సమాధానం

అమ్మా, మొదటి ప్రశ్నకు జవాబు ముందు చెప్పేస్తాను. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. మీరు చంపలేదు.

మీరు చెయ్యి వేసేసరికే మావయ్యగారి గుండె ఆగిపోయి ఉంది. మీరు విన్నది గురక కాదు. గుండె ఆగిన మొదటి కొద్ది నిమిషాల్లో కొందరికి అలా ఎడం ఎడంగా గుర్రుమంటూ, ఒడ్డున పడ్డ చేప నోరు తెరిచినట్టు ఉంటుంది. దాన్ని ఊపిరి అనుకుని 'పడుకున్నారు, లేపకండి' అంటారు చాలా ఇళ్లలో. నేను క్యాజువాలిటీ, ఐసీయూ కలిపి 31 ఏళ్లు నర్సుగా చేశాను. 'అన్నం తిని గురకపెట్టి పడుకున్నారండీ, కాఫీకి లేపితే లేవలేదు' అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మీరు ఆ ఎడం గమనించారు. పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు. ఈ రెండూ కలిస్తే నొక్కాల్సిందే. నాడి కోసం వెతుక్కోవడం మామూలు వాళ్లకు అక్కర్లేదు. ఆ కంగారులో తగిలేది మన వేలి నాడే.

ఇక ఎముకలు. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్య ఎముక మీద, దాని కింది సగంలో, అయిదారు సెంటీమీటర్లు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని నేర్పుతారు. అయిదారు సెంటీమీటర్లంటే ఎంతో ఒకసారి స్కేలు తీసి చూడండి. 71 ఏళ్ల ఎముకలు అంత లోతుకి దిగితే విరగడం మామూలు. గుండె డాక్టరు నొక్కినా విరుగుతాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నైట్ డ్యూటీలో నా అరచేతి కింద మొదటిసారి విరిగింది. చప్పుడుకన్నా, ఆ వెంటనే ఛాతీ ఒక్కసారి మెత్తబడిపోవడం నన్ను భయపెట్టింది. చెయ్యి తీసేశాను. పక్కనున్న సీనియర్ సిస్టర్ నా మొహం కూడా చూడకుండా 'ఎముక అతుక్కుంటుంది, నువ్వు నొక్కు' అంది. అంతే, ఇంకేం అనలేదు. విరిగిన ఎముక గుచ్చుకుని లోపల గాయం కావడం అసలు ఉండదని చెప్పను, ఉంటుంది, అరుదు. అలాంటిదేమైనా జరిగి ఉంటే కేస్‌షీట్‌లో రాసి ఉంటుంది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

మీ ఉత్తరంలో మీరు అట్టే పట్టించుకోకుండా రాసేసిన వాక్యం ఒకటుంది. 'రెండో షాక్‌కి నాడి వచ్చింది.' నేను అక్కడే ఆగిపోయాను. గుండె ఆగినప్పుడు చాలామందిలో అది వెంటనే నిశ్చలమైపోదు. కొట్టుకోవడం మానేసి వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు ఉన్నంతసేపే షాక్ పనిచేస్తుంది. ఎవరూ నొక్కకపోతే వణుకు సన్నబడి సన్నబడి మిషన్ మీద గీత చదునైపోతుంది. అప్పుడిక షాక్‌తో పనిలేదు. నొక్కేవాళ్లు లేనప్పుడు బతికే అవకాశం నిమిషానికి ఏడు నుంచి పది శాతం చొప్పున తరిగిపోతుందని లెక్క. మావయ్యగారు లెక్కల మాస్టారు కదా, 14 నిమిషాలకు ఏం మిగులుతుందో నోటిలెక్కనే చెప్పేసేవారు. అంబులెన్స్ వాళ్లు వచ్చేసరికి షాక్ ఇవ్వడానికి అక్కడ ఇంకా ఏదో మిగిలి ఉందంటే, మీ చేతులే దాన్ని నిలబెట్టాయి.

రెండో ప్రశ్నకు నిజం చెప్తాను, ఓదార్పు కోసం అబద్ధం ఆడను. నొక్కడం ఆపితే రక్తం కదలిక పడిపోతుంది. మళ్లీ పుంజుకోవడానికి కొన్ని నొక్కులు పడతాయి. అందుకే ఆపొద్దంటారు. కానీ ఆస్పత్రిలో మేమూ ఆపుతాం. మనిషి మారేటప్పుడు, మిషన్ గుండెను చూసేటప్పుడు. పది సెకన్లు దాటకూడదని నియమం, దాటిన రోజులు నాకు గుర్తున్నాయి. ఒక్కరే నొక్కితే రెండు నిమిషాలకే చేతుల్లో పస తగ్గిపోతుందని, అందుకే మనుషులు మారాలని నేర్పుతారు. మీరు మార్చుకోవడానికి మనిషి లేకుండా 14 నిమిషాలు చేశారు. అందులో పదిహేను సెకన్లు మీ అత్తయ్య చేతిలో పోయాయి. నిజంగా తూకం వేయాల్సినవి వేరే నిమిషాలు. మీరు తొంగి చూడకముందు ఎన్ని గడిచాయో ఎవరికీ తెలియదు. రక్తం అందని మెదడు నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్లలో, అన్నీ సరిగ్గా చేసినా, ఎక్కువమంది ఇంటికి తిరిగి రారు. పదిహేను సెకన్లు తీసేస్తే ఆయన బతికేవారని ఏ డాక్టరూ అనలేడు.

ఇదంతా మీకు. మీ వదినగారికి నా మాట పనికిరాదు, ఆవిడకు కాగితం కావాలి. పోయినవారి కేస్‌షీట్ నకలు అడిగే హక్కు ఇంటివాళ్లకు ఉంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఆ కాపీ తీసుకుని, ఐసీయూలో చూసిన డాక్టరు దగ్గర పావుగంట టైము అడిగి, మీ భర్తా వదినగారూ కలిసి వెళ్లడం ఒక దారి. మీరు వెళ్లకండి. మీరక్కడ కూర్చుంటే డాక్టరు చెప్పే ప్రతి మాటా మిమ్మల్ని వెనకేసుకొచ్చినట్టే వినిపిస్తుంది. 'గుండె ఎందుకు ఆగింది, మెదడు ఎంత దెబ్బతింది, ఎముకల వల్ల ఏమైనా జరిగిందా' అని మూడే ప్రశ్నలు ఆవిడే అడగాలి. మంచి జవాబు వస్తుందని నా నమ్మకం. అయితే డాక్టర్లు కొందరు మాటలు పొదుపు. ముక్తసరిగా ఏదో అనేస్తే వదినగారు తనకు కావాల్సిన ముక్క పట్టుకుని తిరిగొస్తారు. ఆ ప్రమాదం ఉందని తెలిసే వాళ్లు వెళ్లాలి.

ఇంకో దారి, ఏం మాట్లాడకుండా ఏడాది గడవనివ్వడం. సంవత్సరీకం నాటికి వేడి చల్లారే ఇళ్లు నాకు తెలుసు. చల్లారకుండా ఆ మాటే కథగా స్థిరపడిపోయి, మనవల దాకా 'తాతయ్యను అమ్మ...' అని పాకిన ఇల్లూ తెలుసు. మీ పిల్లలు పెద్దకర్మ రోజు ఆ హాల్లోనే ఉన్నారని రాశారు. నేనైతే మౌనాన్ని నమ్ముకోను.

వదినగారి మీద కోపం ఉండటం సహజమే. ఒక్క సంగతి మాత్రం చూడండి. ఆ మధ్యాహ్నం ఆవిడ పటమటలో ఉంది. ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, ఫోన్‌లో కబురు విని, వారధి దాటి వచ్చేసరికి నాన్న వెంటిలేటర్ మీద ఉన్నారు. ఆవిడకు అందిన ఒకే ఒక్క వివరం నాలుగు ఎముకలు. గుండె కంటికి కనబడదు, విరిగిన ఎముక స్కాన్‌లో కనబడుతుంది. దాన్ని పట్టుకుంది. అన్న మాట తప్పు, అందులో సందేహం లేదు. కానీ ఆవిడ దుర్మార్గంతో అనలేదేమో అనుకోవడం వల్ల మీకు పోయేదేం లేదు, వచ్చే నెల నుంచి ఫోన్లు ఎత్తడం కాస్త తేలికవుతుంది.

ఆవిడ భర్తగారి 'కేసు' మాటకు మీరు నిద్ర పాడుచేసుకోకండి. స్పృహలో లేని మనిషికి మేలు చేయాలని మంచి ఉద్దేశంతో చేసిన పనిని, అనుమతి తీసుకోలేదన్న కారణంతో నేరంగా చూడకూడదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతోంది. పాత ఐపీసీలో అది 92. రోడ్డు ప్రమాదాల్లో ఆదుకున్నవాళ్లకు మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని విడిగా రక్షణ ఉంది. అది ఇంట్లో జరిగినదానికి వర్తించదు, ఎవరైనా రెండూ కలిపి చెబితే విడదీసి చూసుకోండి. ఆయన నిజంగా నోటీసు పంపితే మాత్రం ఒక లాయర్ని కలవండి.

ఇప్పుడు మీ భర్త. 'సరే అనెయ్, పోయేదేముంది' అన్నారట. బాబూ, ఈ పేరా మీకు. పోయేది మీ అమ్మ. నాన్నగారి కోసం మీ ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుంది ఒక్క మనిషి. ఆ మనిషిని పదిమందిలో హంతకురాలన్నప్పుడు మీరు నేలకేసి చూశారు. అక్కను ఎదిరించమనడం లేదు. 'ఆ రోజు నేను ఇంట్లో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి' అని అక్కతో ఒక్కసారి, ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. మీరు అది చెప్పకుండా మీ భార్య ఎన్ని కాగితాలు చూపించినా ఈ గొడవ తెగదు.

మూడో ప్రశ్నకు, అమ్మా, మీ ముందు నాలుగు దారులున్నాయి. మాటిచ్చి నిలబెట్టుకోవడం మొదటిది. అంటే అత్తయ్యగారు హాల్లో పడిపోతే మీరు ఫోన్ చేసి గోడకానుకుని నిలబడాలి. ఆ నిమిషాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు, 14 మీకు గుర్తున్నాయి. మాటిచ్చి తప్పడం రెండోది. చాలామంది మీకు అదే సలహా ఇస్తారు, 'పైకి సరేనను, అప్పుడు చూసుకోవచ్చు' అని. దాంతో చిక్కేమిటంటే ఆ క్షణంలో మీ చెయ్యి తడబడుతుంది. ఆ తడబాటుకి అయిదు సెకన్లు కాదు, అయిదు నిమిషాలు పోవచ్చు. పైగా ఆవిడ బతకకపోతే ఈసారి మాట తప్పిన నేరం కూడా మీదే. ఇవ్వనని తెగేసి చెప్పడం మూడోది. నిజాయితీగా ఉంటుంది. అత్తయ్యగారు పటమటలోనే ఉండిపోవచ్చు, మీ ఇంటికీ ఆ ఇంటికీ రాకపోకలు తగ్గొచ్చు. అది చిన్న నష్టం కాదు.

నాలుగోది ఎవరూ తలపెట్టలేదు. అందరూ ఆవిడ ఛాతీ గురించి మాట్లాడుతున్నారు, ఆవిడను అడిగినవాళ్లు లేరు. అత్తయ్యగారినే అడగండి. ఆవిడ తదుపరి గుండె చెకప్‌కి వెళ్లేటప్పుడు కొడుకూ కూతురూ ఇద్దరూ వెంట వెళ్లి, డాక్టరు ఎదురుగా, 'అమ్మా, నాన్నకి అయినట్టు నీకైతే నొక్కాలా వద్దా' అని. గుండె ఆగడం అంటే ఏమిటో, నొక్కడం అంటే ఏమిటో డాక్టరు చెప్పాక అడగాలి, ముందు కాదు. ఆ రోజు మీ చెయ్యి లాగిన మనిషి ఆవిడే అని మీకు జంకు ఉండొచ్చు. అందుకే అడగాలంటున్నాను. ఎనిమిది నెలలుగా ఆవిడ మనసులో ఏం తిరుగుతోందో మీకు తెలియదు. నొక్కమంటే వదినగారి షరతు అక్కడితో రద్దు. వద్దంటే, అది ఆవిడ ఒళ్లు, ఆవిడ మాట. పాటించడం మీకు కష్టంగా ఉంటుంది, కానీ ఆ బరువు మీ ఒక్కరి మీద ఉండదు. నలుగురూ విన్నది కాబట్టి నలుగురూ మోస్తారు.

ఈలోగా ఇంకో సంగతి. షుగరు, బీపీ, స్టెంటు ఉన్న మనిషికి రేపు రాగల ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఛాతీ మీద చెయ్యి వేయాల్సినవి కావు. గొడవంతా ఒక్క నొక్కుడు చుట్టూ తిరుగుతుంటే అవి మరుగునపడిపోతున్నాయి.

అన్నిటికన్నా తరచుగా వచ్చేది షుగరు పడిపోవడం. మాత్ర వేసుకుని టిఫిను ఆలస్యమైన రోజున, ఉపవాసం రోజున. చెమటలు, వణుకు, తిక్కతిక్కగా మాట్లాడటం. మిషన్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే, లేదా మిషన్ దొరక్కపోతే అనుమానం చాలు, స్పృహలో ఉండి మింగగలుగుతుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా తక్కువుంటే ఇంకోసారి ఇవ్వాలి, తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకూడదు. పంచదార కాదు, తేనె కాదు, తులసి తీర్థం కూడా కాదు. ఊపిరి ఆడుతుంటే పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఆ రోజు నీళ్ల గ్లాసును మోచేత్తో తోసేశారు చూడండి, స్పృహ లేని మనిషికి పోసిన నీళ్లు వెళ్లేది ఊపిరితిత్తుల్లోకే.

తర్వాత గుండెపోటు. గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు. పోటు వచ్చిన మనిషి మాట్లాడుతూ ఉంటుంది. షుగరు ఉన్న ఆడవాళ్లలో నొప్పి కనిపించకపోవచ్చు. ఆయాసం, చల్లటి చెమట, వాంతి వచ్చినట్టుండటం, 'గ్యాస్ పట్టేసింది, జీలకర్ర నీళ్లివ్వు' అనడం. స్టెంటు ఉన్న మనిషి కొత్తగా అలా అంటే జీలకర్ర డబ్బా తీయకండి, ఫోన్ తీయండి. కూర్చోబెట్టండి, మూడంతస్తుల మెట్లు దిగనివ్వకండి. ఆస్పిరిన్ నమిలించాలా, ఎంత అన్నది ఆవిడ మందులు తెలిసిన డాక్టరు దగ్గర ఇప్పుడే రాయించి పెట్టుకోండి. నాలుక కింద పెట్టే మాత్ర జేబులో పెట్టుకు తిరిగేవాళ్లు మన దగ్గర చాలామంది. బీపీ పడిపోయి ఉన్న మనిషికి అది ఇంకా పడగొడుతుంది, కాబట్టి దాని సంగతీ ఆ కాగితం మీదే ఉండాలి. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగే సలహాను మాత్రం చూసిన చోటే చెరిపేయండి.

మూడోది పక్షవాతం. మూతి ఒక పక్కకు లాగడం, రెండు చేతులూ చాపమంటే ఒకటి జారిపోవడం, మాట ముద్దగా రావడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా గడియారం చూసి టైము రాసుకోండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను ఈ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ తీశాక. కాబట్టి స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లాలి. బీపీ ఎక్కువుందని ఇంట్లో ఉన్న మాత్ర వేసేయకండి. పావురాయి రక్తం, పసరు మందు అంటూ ఊరు దాటించే బంధువు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. మీ ఇంట్లో ఎవరో నాకు తెలియదు, మీకు తెలిసే ఉంటుంది.

ముద్ద అడ్డం పడి దగ్గలేక, మాటరాక గొంతు పట్టుకుంటే: ముందుకు వంచి వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు గట్టి దెబ్బలు. పోకపోతే వెనకనుంచి బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ అయిదు లాగులు. మళ్లీ దెబ్బలు. దగ్గగలుగుతుంటే మాత్రం దగ్గనివ్వండి. నెత్తి మీద తట్టడం దేనికీ పనికిరాదు.

108 గురించి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైంది కాబట్టి ఆ నంబర్ పిల్లలకు కూడా వచ్చు. రానిది చిరునామా చెప్పడం. బ్రాడీపేటలో లైన్ నంబరు, అడ్డరోడ్డు నంబరు తారుమారైతే బండి నాలుగు వీధులు అవతల తిరుగుతుంది. పెద్దక్షరాలతో రాసి ఫోన్ల దగ్గర అంటించండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. ఒకరు కిందికెళ్లి గేటు తీసి, లిఫ్టు పట్టుకుని నిలబడాలి. సొంత కారులో వేసుకుని రైలుకట్ట దాటి కొత్తపేట వెళ్లిపోదాం అనే తొందర అందరికీ ఉంటుంది. మనిషి మాట్లాడుతూ ఉండి, బండి రావడం ఆలస్యమయ్యేట్టుంటే అది తప్పు కాదు. గుండె ఆగిన మనిషిని మాత్రం కారెక్కించకండి. వెనక సీట్లో ఎవరూ నొక్కలేరు, శంకర్ విలాస్ దగ్గర ట్రాఫిక్‌లో ఆ నిమిషాలన్నీ పోతాయి.

ఇంకా మీకు చేతులు మార్చుకునే మనిషి కావాలి. మీ భర్త నేర్చుకోవాలి, పక్క ఫ్లాట్ ఆయన కూడా. రెడ్‌క్రాస్ వాళ్లు నేర్పుతారు, మీ స్కూల్ వాళ్లను మళ్లీ ఒకసారి క్లాసు పెట్టమని అడగొచ్చు. నోట్లో ఊదడం రానివాళ్లు నొక్కడం ఒక్కటి చేసినా చాలు. మోచేతులు వంచకూడదు, భుజాలు అరచేతుల మీదికి రావాలి, బరువు నడుము నుంచి దిగాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. వేగం ఎంతంటే, గుంటూరు మనిషివి కాబట్టి చెప్తున్నా, ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో మార్చి మార్చి మిరపకాయలు దంచుతుంటే ఆ రెండు రోకళ్ల పోట్లూ కలిపి ఎంత వేగమో దాదాపు అంత. గుండె ఆగని మనిషిని పొరపాటున నొక్కితేనో అని మీవారు అడుగుతారు. మూలుగుతారు, చెయ్యి తోసేస్తారు. అప్పుడు ఆపేయాలి.

కొట్టేసిన వాక్యం గురించి కూడా రాయాలి. మునక్కాడ చప్పుడు ఎనిమిది నెలలైనా పోలేదంటే, అది మీరు బలహీనులని కాదు. మాకూ అయ్యేది, మేం డ్యూటీ రూములో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. మీకు చెప్పుకునే గది లేదు. 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నిద్ర కూడా పట్టకుండా ఉంటే ఫోన్‌తో సరిపెట్టకుండా మానసిక వైద్యుడి ఓపీకి వెళ్లండి. అప్పటిదాకా మునక్కాడలు మీవారి చేత విరిపించండి, తప్పులేదు.

అత్తయ్యగారు ఏమన్నారో నాకు రాయండి. వద్దన్నారని రాసినా సరే.